కుండీలో చౌడు

మా అత్త కళ్యాణదుర్గం దగ్గర పల్లె నుంచి వచ్చిన రోజు సాయంత్రం బాల్కనీలోకి వచ్చి, టమాటా కుండీ ముందు కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మట్టి మీద తెల్లగా పేరుకున్న పొరను గోటితో గీకి, నాలుక చివర పెట్టి చూసి, పక్కకు ఉమ్మేసింది.

"ఇదేందమ్మా, కుండీలో చౌడు పట్టించినావే" అంది.

చౌడు నేల అంటే నాకు తెలుసు. బస్సులో పోతుంటే అక్కడక్కడా కనబడే తెల్లటి బీడు, గడ్డి కూడా సరిగ్గా మొలవని నేల. అది మా ఇంట్లో, అదీ నేను డబ్బులు పెట్టి కొనుక్కొచ్చిన మట్టిలో ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. అది 2022 మే నెల. అప్పటికి రెండు నెలల నుంచి ఆ పది సంచుల చుట్టూ తిరుగుతున్నాను.

మాది అనంతపురంలో అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. బాల్కనీ పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, పడమటి ముఖం. నేను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. మా ఆయన ఉద్యోగం షిఫ్టుల మీద ఉంటుంది. ఆకుకూర మీద నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. మా అమ్మ వాళ్ళింట్లో దొడ్లో గోగాకు (గోంగూర), చుక్కాకు, చిర్రాకు ఎప్పుడూ ఉండేవి. పప్పు పొయ్యి మీద పెట్టాక దొడ్లోకి పోయి కోసుకొచ్చేవాళ్ళం. టౌనుకొచ్చాక రెండు రోజుల కిందటి వాడిపోయిన కట్టలు కొనుక్కోవడం మనసుకు పట్టేది కాదు. అందుకే ఆ ఏడాది ఉగాదికి ముందు, ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టాను.

నల్ల గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) పది, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుకలు మూడు, వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు), వేప పిండి, విత్తనాల ప్యాకెట్లు, ఆటోలో తెప్పించిన ఎర్రమన్ను, అన్నీ కలిపి 2,600 రూపాయలైంది. మట్టి రెండు పాళ్ళు, ఎరువు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు కలిపాను. మెంతులు పోపుల డబ్బాలోవే చల్లాను. మూడో రోజుకే మొలకలు లేచాయి. ఆ సంతోషంలో టమాటా నారు, మిరప నారు కొనుక్కొచ్చి నాటాను. ధనియాలు కూడా చల్లాను. అవి మాత్రం రాలేదు.

నీళ్ళ విషయంలో నేను చాలా జాగ్రత్తగానే ఉన్నాను అనుకున్నాను. అనంతపురంలో నీళ్ళు పారబోయాలంటే ఎవరికైనా చెయ్యి రాదు. మాకు పెన్న అహోబిలం రిజర్వాయరు నీళ్ళు కుళాయికి రోజు మార్చి రోజు వస్తాయి. మిగతా వాడకానికంతా బోరు. తాగడానికి వాటర్ ప్యూరిఫయర్ పెట్టుకున్నాం. అది ఒక బిందె మంచినీళ్ళు ఇవ్వాలంటే రెండు బిందెలు బయటికి వదిలేస్తుంది. ఆ వదిలేసే నీళ్ళను పైపు పెట్టి బకెట్లో పట్టి, పొద్దున సాయంత్రం చెట్లకు పోసేదాన్ని. ఒక్క చుక్క వృథా కావడం లేదని తృప్తిగా ఉండేది.

ఏప్రిల్ రెండో వారానికి టమాటా ఆకుల అంచులు మాడడం మొదలైంది. కొసల దగ్గర గోధుమ రంగు, అక్కడి నుంచి లోపలికి. మిరప ఆకులు చిన్నవై, పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా కనబడేవి. బలం చాలలేదేమో అనుకొని బుడ్డల (వేరుశనగ) చెక్క మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పోశాను. ఇంకా ఎక్కువైంది. మళ్ళీ వర్మీ కంపోస్టు వేశాను. మెంతాకు వాలిపోయింది. మట్టి చూస్తే తడిగానే ఉంది, చెట్టు మాత్రం నీళ్ళు లేనట్టు వాడిపోయి ఉంది. ఆ రెండూ ఒకేసారి ఎలా అవుతాయో నాకు అర్థమయ్యేది కాదు. రాత్రి పడుకున్నా అదే టెన్షన్.

అత్త "నీళ్ళు యాడివి పోస్తాండావు?" అని అడిగింది. చెప్పాను. ఆమెకు ప్యూరిఫయర్ సంగతి తెలియదు. కానీ "ఆ మిషను ఉప్పునంతా యాడ పెడుతుంది మరి?" అంది.

నేను రెండు నెలలుగా అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఫిల్టర్ మార్చడానికి వచ్చిన మెకానిక్ దగ్గర చిన్న మీటరు ఉంటుంది, నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపించేది. ఆ వారంలోనే అతన్ని పిలిచి మూడు గ్లాసులు పెట్టి చూపించమన్నాను. మా బోరు నీళ్ళు 1,100 చూపించాయి. తాగే నీళ్ళు 80. నేను చెట్లకు పోస్తున్న బకెట్టు 1,600. అంటే మా బోరులో ఉన్న ఉప్పు దాదాపు అంతా చిక్కబరిచి, రోజుకు రెండు పూటలా నా చేతులతోనే కుండీల్లో పోశాను. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. పొలంలో అయితే వాన పడినప్పుడు కిందికి దిగిపోతుంది. కుండీలో ఎక్కడికి పోతుంది? మట్టిలో ఉప్పు ఎక్కువైతే చుట్టూ తడి ఉన్నా వేరు నీళ్ళు లాక్కోలేదు. తడి మట్టిలో చెట్టు వాడిపోవడం అందుకే. నేను బలానికని పోసిన చెక్క నీళ్ళు, కంపోస్టు కూడా ఆ ఉప్పుకే తోడయ్యాయి. కోకోపీట్‌లో కూడా సముద్రపు ఉప్పు ఉంటుందట, ఇటుకను నానబెట్టి రెండు మూడు సార్లు కడిగి పిండితేగానీ పోదు. నేను కడగలేదు.

ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను. ప్యూరిఫయర్ నీళ్ళు మొక్కలకు పోయండి అని చాలామంది మంచి మనసుతోనే చెబుతారు. మంచినీళ్ళున్న ఊళ్ళో నడుస్తుందేమో. మన దగ్గర బోరు ఉప్పునీళ్ళే ఎక్కువ. ఆ బకెట్టు ఇప్పుడు ఇల్లు తుడవడానికి, బాత్రూము కడగడానికి వాడుతున్నాను.

చౌడుకు మందు ఏందని అడిగితే అత్త "మంచినీళ్ళతో కడగాల" అంది. కుళాయి వచ్చిన రోజు ఒక్కో సంచికి బకెట్టున్నర నీళ్ళు మెల్లగా పోసి, అడుగు బెజ్జాల్లోంచి కారి బయటికి పోయేలా చేశాను. కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళను మళ్ళీ కుండీలో పోయకూడదు, కడిగిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. మొదటిసారి కారిన నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. మూడు వారాల్లో మూడు సార్లు కడిగాను. మే నెలలో అనంతపురంలో కుళాయి నీళ్ళతో మట్టి కడగడమంటే ఎంత బాధో ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. మధ్యలో ఒకరోజు కుళాయి రాలేదు, ఆ రోజు కడగడం ఆపేశాను.

టమాటాలు అప్పటికే పోయాయి. బతికిన ఒక్క చెట్టుకు పూలు వచ్చాయి గానీ అన్నీ రాలిపోయాయి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవడం కష్టం, ఆ నెలలో మాకు 40 దరిదాపుల్లోనే. అత్త ఆ మాటే ఇంకో రకంగా చెప్పింది: "ఈ ఎండల్లో ఎవరన్నా సేద్యం మొదలు పెడతారామ్మా? మేము కూడా వానలు పడేదాకా విత్తనం ముట్టుకోం." నాకు ఎండాకాలంలో టమాటా పెట్టమన్న వీడియో ఏ చల్లటి ఊళ్ళో తీశారో నేను చూసుకోలేదు.

ఆ వేసవిలో బతికినవి ఇవి: బచ్చలి తీగ, గోగాకు, పుదీనా, కరివేపాకు మొక్క. బచ్చలి విత్తనం కూడా కాదు, కూరకు తెచ్చిన కట్టలో లావుపాటి కాడలు రెండు నాటితే వచ్చింది. ఉప్పు కడిగాక పదిహేను రోజుల్లో గ్రిల్లు పట్టుకుంది. గోగాకుకు ఎండంటే లెక్క లేదు. పుదీనాను మాత్రం లోపలి గోడ నీడకు జరపాల్సి వచ్చింది.

ఎండ గురించి ఇంకో సంగతి మధ్యాహ్నం మూడింటికి తెలిసింది. సెలవుల్లో ఇంట్లో ఉన్నాను కాబట్టి ఒకరోజు ఆ టైముకు బాల్కనీలోకి పోయి సంచి పక్కన చెయ్యి పెట్టాను. ఇంటి బయట పెట్టిన స్కూటర్ సీటు మీద చెయ్యి పెట్టినట్టు చురుక్కుమంది. నల్ల సంచి, పడమటి ఎండ. లోపల మట్టిలో వేలు పెడితే గోరువెచ్చగా కూడా కాదు, వేడిగా ఉంది. వేర్లు ఆ వేడిలో రోజూ నాలుగు గంటలు ఉంటున్నాయి. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న 25 కేజీల తెల్ల బియ్యం సంచులు తీసి, అడుగున బెజ్జాలు పెట్టి, పైభాగం మూడు మడతలు కిందికి మడిచి, మట్టి అందులోకి మార్చాను. తెల్లవి కాబట్టి అంత కాగవు, అల్లిక సంచి కాబట్టి పక్కల నుంచి గాలి ఆడుతుంది. ఎండకు ఏడెనిమిది నెలల్లో పీచులు పీచులుగా ఊడిపోతాయి, అది ముందే తెలుసుకోవాలి. పోగులు మట్టిలో కలవకముందే మార్చేస్తాను. పైన సగం ఎండను ఆపే షేడ్ నెట్ కట్టాం.

మట్టి మీద కప్పడానికి అత్త చెప్పింది బుడ్డల పొట్టు. మా వైపు దానికి కరువేముంది! బుడ్డలు ఒలిచే మిల్లు దగ్గర ఒక మూట తెచ్చుకున్నాం. రెండంగుళాల మందాన పరిస్తే సాయంత్రానికి కూడా కింద మట్టి చల్లగా ఉంటోంది. రెండు పూటలా పోసే నీళ్ళు ఒక పూటకు వచ్చాయి. ఉప్పు పైకి తేలడం కూడా తగ్గింది, ఎందుకంటే పైనుంచి ఆవిరి తక్కువ. కొబ్బరి పీచు డబ్బులు పెట్టి కొనడం కంటే ఇది నాకు వంద రెట్లు నచ్చింది. మొదటి వారం చీమలు వస్తాయి, లోపల అక్కడక్కడా గింజ ముక్కలు ఉంటాయి కదా. ఒకసారి జల్లించి ఎండబెట్టి వేస్తే సరిపోతుంది.

కింద పోర్షన్‌లో ఉండే ఓనరమ్మ ఒకరోజు పైకి వచ్చి, "స్లాబుకు చెమ్మ దిగుతుందేమో చూసుకో అమ్మా" అంది. ఆమె భయం నిజమే. తడి మట్టి ఉన్న పెద్ద సంచి పాతిక కేజీల పైనే ఉంటుంది. అప్పటి నుంచి ప్రతి సంచి కింద నాలుగు ఇటుకలు పెట్టి, గాలి తగిలేలా ఉంచాను. బరువైనవన్నీ గోడ వైపుకు, పిట్టగోడ అంచున తేలికవి. ఆమెకు వారానికోసారి కట్టెడు పుదీనా ఇస్తుంటాను.

ఆషాఢం గాలి గురించి ఏ వీడియోలోనూ లేదు. మా జిల్లాలో గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా పగలూ రాత్రీ ఒకటే గాలి, వాన మాత్రం తక్కువే. బచ్చలి లేత కొసలన్నీ గ్రిల్లుకు కొట్టుకుని నల్లబడ్డాయి. షేడ్ నెట్టు ఒక రాత్రి చిరిగి తాళ్ళకు వేలాడింది. ఎండ తగ్గిందని నీళ్ళు తగ్గించాను. గాలికి మట్టి ఎండలో కంటే తొందరగా ఆరిపోయింది. అప్పుడు నేర్చుకున్నది ఒకటే పద్ధతి, ఇప్పటికీ అదే చేస్తున్నాను: వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూడడం. పొడిగా తగిలితే నీళ్ళు, లేకపోతే లేదు. రోజులు లెక్క పెట్టుకోవడం మానేశాను. షేడ్ నెట్టును పడమటి వైపు నిలువుగా కట్టి, రెండు చోట్ల కోసి గాలికి దారి ఇచ్చాం. మళ్ళీ చిరగలేదు.

అత్త మాట ప్రకారం వినాయక చవితి దాకా కొత్త విత్తనం వేయలేదు. చవితి ఆ ఏడాది ఆగస్టు 31న వచ్చింది. తరువాతి ఆదివారం ధనియాలు తీశాను. వంటింట్లో పాత ధనియాలు కాదు, కొత్తవి. గుడ్డలో వేసి చపాతీ కర్రతో మెల్లగా దొర్లించాను. ఒక్కో ధనియా రెండు బద్దలవ్వాలి, నలగకూడదు. ఒక్కో బద్దలో ఒక్కో విత్తనం. రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు వంచి, అరంగుళం లోతున చల్లి పైన పొడి మట్టి చిలకరించాను.

ఎనిమిదో రోజు ఏమీ లేదు. తొమ్మిదో రోజు స్కూలుకు పోయే తొందరలో చూస్తే మట్టి ఒకచోట నెర్రె విచ్చినట్టు ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాను. మట్టి పెళ్ళను నెత్తిన ఎత్తుకుని, వంగిన మెడలా ఒక తెల్లటి కాడ. దాని పక్కన ఇంకొకటి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆ మెడలు నిటారుగా లేచి, సన్నటి పొడుగాటి ఆకులు రెండేసి విప్పుకున్నాయి. మార్చిలో రానిది సెప్టెంబరులో వచ్చింది. చేతులు అవే. కొత్త విత్తనం, చల్లబడ్డ కాలం, ఉప్పు లేని మట్టి, ఇవే తేడా.

మా జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే, అందులో సెప్టెంబరుదే పెద్ద వాటా. మా మిద్దె మీది నీళ్ళు దిగే పైపు బాల్కనీ పక్క నుంచే పోతుంది. ఓనరమ్మను అడిగి ఆ పైపుకు ఒక మలుపు పెట్టించి 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టాం. లెక్క చూస్తే ఆశ్చర్యమేసింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మిద్దె యాభై చదరపు మీటర్లు ఉంటుంది, పది మిల్లీమీటర్ల చిన్న వానకే ఐదు వందల లీటర్లు. డ్రమ్ము నిండి పొర్లిపోయింది. మొదటి వాన దుమ్ముతో వస్తుంది కాబట్టి దాన్ని వదిలేసి, రెండో వాన నుంచి పట్టుకోవాలి. ఆ నీళ్ళకు మెకానిక్ మీటరు పెడితే 30 చూపించింది.

కానీ ఆ అక్టోబరు వాన మామూలుది కాదు. నడిమి వంక అనే వాగు పొంగి ఊళ్ళో కాలనీలకు కాలనీలు మునిగాయి, చాలామంది సామాన్లతో సహా నష్టపోయారు. వాళ్ళ ముందు నా కుండీల బాధ చెప్పుకోదగ్గది కాదు. మాది మొదటి అంతస్తు, మాకు ఇబ్బంది లేదు. ఆ వారంలో మెంతాకు మొత్తం మొదళ్ళు కుళ్ళిపోయింది. అడుగు బెజ్జాలు రెండు సంచుల్లో మట్టితో మూసుకుపోయి ఉన్నాయి, నేను చూసుకోలేదు. పోయిన చెట్టును పీకి, బెజ్జాలు కట్టెపుల్లతో పొడిచి, పదిరోజుల్లో మళ్ళీ చల్లాను. మెంతాకు మంచి పంట, పోయినా బాధ పెట్టదు. పాతిక రోజుల్లో కోతకు వస్తుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా బాల్కనీ చూడాలి! టమాటా నాలుగు చెట్లకు జనవరిలో వారానికి కేజీ దాకా వచ్చాయి. మొదట్లో కొన్ని కాయల అడుగు నల్లగా మెత్తబడింది. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ నీళ్ళు పోస్తే కాయకు సున్నం అందక అలా అవుతుంది. నీళ్ళు సమానంగా పోశాక తగ్గింది. మిరపకు తెల్లదోమ పట్టింది. ఆకు తిప్పి చూస్తే అడుగున పిండి చల్లినట్టు, ఊపితే లేచేవి. లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టాను. ఐదు రోజులకోసారి, నాలుగు సార్లు. రెండు చెట్లకు అప్పటికే ఆకు ముడుచుకుపోయింది. వాటిని పీకేశాను. ముడత వైరస్ వచ్చిన చెట్టు తిరిగి కోలుకోదు, పక్క చెట్లకు అంటిస్తుంది. మనసు రాకపోయినా పీకాలి.

సంక్రాంతికి అత్త మళ్ళీ వచ్చింది, ఏడాది మాగిన గొర్రె ఎరువు ఒక మూట బస్సు మీద వేయించుకుని. బాల్కనీలో కూర్చుని గోగాకు కొసలు తుంచి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలు వేసి పప్పు ఎనిపింది. సంగటిలోకి. మా పిల్ల రెండోసారి పెట్టించుకుంది.

ఇంటికి సరిపడా కూరగాయలన్నీ దీంట్లో వస్తాయని చెప్పను, రావు. నలుగురున్న ఇంటికి ఏడాదిలో ఏడెనిమిది నెలలు వారానికి రెండు మూడు సార్లు ఆకుకూర, కొత్తిమీర, పుదీనా, కరివేపాకు కొనకుండా, చలికాలంలో కొన్ని టమాటాలు, పచ్చిమిరపకాయలు. అంతే. వంకాయ రెండేళ్ళు పెట్టాను, పిండినల్లి పట్టి ఇంక మానేశాను.

ఇప్పుడు మార్చి రాగానే కొత్తది ఏదీ నాటను. టమాటా, కొత్తిమీర సంచుల్లో మట్టి బయటికి తీసి, గొర్రె ఎరువు కలిపి, తడిపి, బుడ్డల పొట్టు కప్పి చవితి దాకా వదిలేస్తాను. బచ్చలి, గోగాకు, పుదీనా మాత్రం ఉంటాయి. వాటికి బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు, బెడ్రూము ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు. ఏసీ నీళ్ళు గాలిలోని తేమే కాబట్టి అందులో ఉప్పు ఉండదు, ఏప్రిల్లో రాత్రికి అర బకెట్టు వస్తాయి. చాలకపోతే కుళాయి. నెలకోసారి సంచుల అడుగు నుంచి కారేలా ఒక బకెట్టు ఎక్కువ పోసి మట్టిని కడుగుతాను.

మా అత్త ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒకటే అడుగుతుంది, "మల్లా తెల్లగా పట్టలేదు కదా?" అని. పోయిన ఆదివారం కూడా అడిగింది. పొట్టు పక్కకు జరిపి చూసి చెప్పాను, మట్టి ఎర్రగానే ఉందని.